కలిసి చదివే పద్ధతి: డౌటు అడగడం నుంచి ఒంటరిగా లెక్క చేసే దాకా

పదకొండు, పన్నెండు తరగతుల్లో పాఠాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తాయి. సదిశలు (వెక్టార్లు) సరిగా రాకపోతే బలాల అధ్యాయం అర్థం కాదు. మోల్ భావన పట్టుబడకపోతే రసాయన శాస్త్రంలో సగం లెక్కలు మొదలే కావు. ఇలా ఎక్కడో ఒకచోట ఆగిపోయిన విద్యార్థికి అన్నిటికంటే దగ్గరగా దొరికే సాయం తోటి విద్యార్థిదే. పోయిన వారం అదే చోట చిక్కుకొని బయటపడ్డారు కాబట్టి ఆ చిక్కు ఎలా ఉంటుందో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది.

అయితే ఈ సాయంలో చాలా భాగం వృథా అవుతోంది. ఒకరు ప్రశ్న ఫోటో పంపుతారు, మరొకరు జవాబు ఫోటో పంపుతారు, ఇద్దరికీ పని అయిపోయినట్టు అనిపిస్తుంది. మర్నాడు అదే లెక్కను ఖాళీ కాగితం మీద చేయమంటే అడిగినవారి కలం రెండో వరుస దగ్గరే నిలిచిపోతుంది. సాయం తీసుకున్నవారు మర్నాడు ఎవరి తోడూ లేకుండా ఆ లెక్క చేయగలిగితేనే అది సాయం. కింద చెప్పిన మెట్లన్నీ ఆ ఖాళీ కాగితాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినవే.

మొదటి మెట్టు: బృందం

ముగ్గురు నుంచి ఐదుగురు చాలు. అంతకు మించితే ఇద్దరు మాట్లాడతారు, మిగిలినవారు తలూపుతారు. అందరికీ ఒకే స్థాయి మార్కులు రావాలనేమీ లేదు. ఒకరికి గణితం బాగా వచ్చి, మరొకరికి జీవశాస్త్రం మీద పట్టు ఉంటే ఇంకా మంచిది, అప్పుడు ఎప్పుడూ ఒకరే చెప్పేవారు, ఒకరే అడిగేవారు అనే పరిస్థితి రాదు. అందరూ పాటించాల్సిన షరతు మాత్రం ఒకటుంది: ఆ రోజు అనుకున్న అధ్యాయాన్ని ఒక్కసారైనా ఒంటరిగా చదివి రావాలి. చదవకుండా వచ్చినవారి కోసం పాఠం మొదటి నుంచి చెప్పడం మొదలుపెడితే మిగిలిన వారి సమయం అక్కడితో సరి. కూర్చునే ముందే ఏ అధ్యాయం, ఏ సమయానికి ముగించాలి అన్న రెండు విషయాలూ తేల్చుకోండి.

రెండో మెట్టు: ముందు ఒంటరిగా

అధ్యాయం చదివాక పుస్తకం మూసేయండి. తెల్ల కాగితం తీసుకొని గుర్తున్నదంతా రాయండి: నిర్వచనాలు, సూత్రాలు, పటాలు, ఏది దేనికి కారణం అన్నది. తర్వాత పుస్తకం తెరిచి, రాయలేకపోయిన వాటిని వేరే రంగుతో చేర్చండి. ఆ వేరే రంగులో ఉన్నదే మీ అసలు డౌట్ల జాబితా.

ఇది ఎందుకు పనిచేస్తుందో 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె చేసిన ప్రయోగం చూపిస్తుంది. కాలేజీ విద్యార్థుల్లో కొందరు ఒక చిన్న గద్యభాగాన్ని మళ్లీ మళ్లీ నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మిగిలిన మూడు విడతలూ చూడకుండా గుర్తు చేసుకొని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే చదివినవారికి దాదాపు 40 శాతం గుర్తుంది, గుర్తు చేసుకొని రాసినవారికి దాదాపు 61 శాతం. పైగా వారం తర్వాత కూడా తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పింది మళ్లీ చదివినవారే. చదువుతుంటే వచ్చినట్టే ఉండి, పరీక్షలో చేయి ఆడకపోవడం వెనక ఉన్నది ఈ ధీమానే.

మూడో మెట్టు: డౌటును పూర్తిగా రాయడం

“ఈ లెక్క రావడం లేదు, ఎవరైనా చెప్పండి” అన్నది డౌటు కాదు. దానికి వచ్చే జవాబు మొత్తం లెక్కే అవుతుంది, ఎందుకంటే మీరు ఎక్కడ ఆగిపోయారో అవతలివారికి తెలిసే దారి లేదు. డౌటులో నాలుగు విషయాలు ఉండాలి. ప్రశ్న ఉన్నది ఉన్నట్టుగా, మాటలు మార్చకుండా. మీరు చేసిన ప్రయత్నం, తప్పని అనిపించినా సరే. మీరు ఆగిపోయిన వరుస. అక్కడ మీ మనసులో ఉన్న ఊహ. నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు, అసలు కీలకం అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. 30 డిగ్రీల నున్నని (ఘర్షణ లేని) వాలు తలం మీద 2 కిలోల దిమ్మె ఉంది. అది జారకుండా ఉండేలా దాన్ని క్షితిజ సమాంతరంగా తోస్తున్నారు. తలం దిమ్మె మీద తనకు లంబంగా చూపే బలం, అంటే అభిలంబ బలం, ఎంత? మొదటి రకం విద్యార్థి “జవాబు తప్పు వస్తోంది” అని రాసి ఊరుకుంటారు. రెండో రకం విద్యార్థి ఇలా రాస్తారు (ఎం అంటే ద్రవ్యరాశి, జి గురుత్వ త్వరణం, తీటా వాలు కోణం): “అభిలంబ బలం ఎం జి కాస్ తీటా అని తీసుకున్నాను. జి విలువ 10 వేస్తే 17.3 న్యూటన్లు వచ్చింది. పుస్తకంలో 23.1 ఉంది. వాలు తలం మీద ఎప్పుడూ ఎం జి కాస్ తీటానే కదా?”

ఆ చివరి వాక్యంలో జబ్బు బయటపడింది. లెక్క చేయడం రాక కాదు, ఒక ప్రత్యేక సందర్భంలో వచ్చిన ఫలితాన్ని సూత్రమని బట్టీ పట్టడం వల్ల ఆ తప్పు వచ్చింది. దిమ్మెను తలానికేసి నొక్కే, లేదా తలం నుంచి పైకి లాగే ఇంకే బలమూ లేనప్పుడే అది ఎం జి కాస్ తీటా. ఇక్కడ తోసే బలంలో ఒక భాగం దిమ్మెను తలానికేసి నొక్కుతోంది కాబట్టి అభిలంబ బలం పెరుగుతుంది. ఇది తెలిస్తే వాలు తలం మీద ఎన్ని రకాల ప్రశ్నలిచ్చినా భయం ఉండదు. జవాబు ఫోటో మాత్రమే అంది ఉంటే ఈ ఒక్క లెక్క తీరి, రోగం అలాగే ఉండిపోయేది.

ఫోటో పంపేటప్పుడు పేజీ మొత్తం, వెలుతురులో, నిటారుగా ఉండేలా చూసుకోండి. సగం ప్రశ్న కనిపించే ఫోటో అవతలివారి ఓపికను పరీక్షిస్తుంది. ఒక సందేశంలో ఒకే డౌటు అడగండి. తీరాక “తీరింది, కారణం ఇది” అని మీ మాటల్లో ఒక వరుస రాయండి. అదే డౌటు రేపు మరొకరికి వస్తుంది.

నాలుగో మెట్టు: సాయం చేసేటప్పుడు

డౌటు తీర్చేవారికి నా మొదటి విన్నపం: “చాలా సులువు” అన్న మాట వద్దు. వచ్చినవారికి ఏదైనా సులువే. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగంలో కొందరు అందరికీ తెలిసిన పాటల లయను బల్ల మీద వేళ్లతో కొట్టారు, వింటున్నవారు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలనైనా గుర్తుపడతారని కొట్టినవారు అంచనా వేశారు. 120 పాటల్లో గుర్తుపట్టినవి 3 మాత్రమే. కొట్టేవారి తలలో పాట మొత్తం మోగుతోంది, వినేవారికి అందినది టకటకలే. బాగా వచ్చిన అధ్యాయాన్ని చెప్పేటప్పుడు మనం దాటేసే వరుసలు అవతలివారికి ఆ టకటకల్లాగే వినిపిస్తాయి.

కాబట్టి ముందు వినండి. అడిగినవారి ప్రయత్నాన్ని చివరిదాకా చదవండి. తర్వాత ఎంత తక్కువ సాయంతో వాళ్లు కదులుతారో అంతే ఇవ్వండి. పై దిమ్మె లెక్కకు మొదటి సాయం ఒక ప్రశ్నే: “దిమ్మె మీద పనిచేసే బలాలన్నీ గీసి చూపించు, ఎన్ని ఉన్నాయి?” చాలాసార్లు ఆ బలాల పటం (ఫ్రీ బాడీ డయాగ్రం) గీస్తుండగానే తప్పు వాళ్ల కళ్లకే కనపడుతుంది. కదలకపోతే చోటు చూపించండి: “తోసే బలాన్ని తలానికి లంబంగా, సమాంతరంగా విడగొట్టావా?” అప్పటికీ కాకపోతే ఆ ఒక్క వరుస చేసి, తర్వాతి వరుస వాళ్లకే వదలండి.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. అధ్యాయమే కొత్తగా ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియనివారిని ప్రశ్నలతో నడిపించడం వాళ్లను హింసించడమే. జాన్ స్వెల్లర్, గ్రాహమ్ కూపర్ 1985లో బీజగణితం మీద చేసిన పరిశోధనలో, కొత్తగా నేర్చుకునేవారికి పూర్తిగా చేసి చూపిన లెక్కలను పరిశీలించడం తమంతట తాము కుస్తీ పట్టడం కంటే ఎక్కువ మేలు చేసింది. అందువల్ల మొదలే తెలియనివారికి అలాంటిదే మరో లెక్క అంకెలు మార్చి పూర్తిగా చేసి చూపించండి. ప్రతి వరుసకూ పక్కన “ఎందుకు” అన్నది రాయండి. తర్వాత అసలు లెక్క వాళ్ల చేత చేయించండి. మధ్యలో ఆగినవారికి సూచన, మొదలే కానివారికి పూర్తి ఉదాహరణ. ఎవరు ఏ స్థితిలో ఉన్నారో తెలుసుకోవడంలోనే చెప్పేవారి నేర్పు ఉంది.

మీకే నమ్మకం లేని చోట “ఇది నాకు గట్టిగా తెలియదు, పాఠ్యపుస్తకం చూద్దాం” అనండి. తప్పు జవాబు నమ్మకంగా చెబితే బృందం మొత్తం దాన్ని పరీక్ష దాకా మోసుకెళ్తుంది.

ఐదో మెట్టు: చర్చకు ముందు అందరి కలాలూ కదలాలి

హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో తన తరగతిలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. భావన మీద ఒక ప్రశ్న ఇస్తారు. ప్రతి విద్యార్థీ ముందు తన జవాబు తాను నమోదు చేస్తారు. ఆ తర్వాతే పక్కవారితో వాదించి, మళ్లీ జవాబు చెబుతారు. మీ బృందంలోనూ ఇదే క్రమం పాటించండి. రెండు నిమిషాలు అందరూ నిశ్శబ్దంగా జవాబు, కారణం రాయాలి. తర్వాత కాగితాలు ఒకేసారి చూపించాలి. లేకపోతే గొంతు పెద్దగా ఉన్నవారు మొదట చెప్పిన జవాబే అందరి జవాబూ అయి కూర్చుంటుంది. జవాబులు వేరైతే ఓట్లు లెక్కపెట్టకండి. నలుగురూ ఒకే తప్పు చేసి ఉండవచ్చు. ఎవరి కారణం నిలబడుతుందో చూడండి.

ఆరో మెట్టు: సబ్జెక్టును బట్టి సాయం మారుతుంది

గణితంలో జవాబు తప్పు రావడం కంటే, జవాబు సగమే రావడం ప్రమాదకరం. సైన్ 2ఎక్స్ = కాస్ ఎక్స్ అన్న సమీకరణం తీసుకోండి. ఎడమవైపు 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ అని రాసి, రెండు వైపులా కాస్ ఎక్స్‌ను కొట్టేస్తే సైన్ ఎక్స్ = 1/2 వస్తుంది. సున్నా నుంచి 2పై దాకా రెండు సాధనలు దొరుకుతాయి, చూడ్డానికి అంతా సజావుగానే ఉంటుంది. కానీ కాస్ ఎక్స్ సున్నా అయ్యే పై/2, 3పై/2 జారిపోయాయి. సాధనలు నాలుగు. కొట్టేయకుండా ఒకవైపు తెచ్చి కారణాంకాలుగా విడగొట్టాలి. గణితం డౌటు తీర్చేవారు చివరి జవాబు ఒక్కటే సరిచూస్తే ఇలాంటివి దొరకవు. ప్రతి వరుస నుంచి తర్వాతి వరుసకు వెళ్లడం ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు అని అడగాలి. సున్నాతో భాగించామా? వర్గం చేసినందువల్ల లేని మూలం వచ్చి చేరిందా? వర్గమూలం తీసినప్పుడు రుణ విలువను మరిచామా? ఈ మూడు ప్రశ్నలూ నోట్‌బుక్ అట్ట లోపల రాసుకోదగ్గవి.

రసాయన శాస్త్రంలో లెక్క చేయడం కంటే సరిచూడడం నేర్పండి. 10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడితే ఎంత నీరు వస్తుంది? తక్కువ బరువు ఉన్నది హైడ్రోజన్ కాబట్టి అదే ముందు అయిపోతుందని చాలామంది అనుకుంటారు. మోల్‌లలోకి మార్చండి: హైడ్రోజన్ 5 మోల్‌లు, ఆక్సిజన్ 2 మోల్‌లు. ఒక మోల్ ఆక్సిజన్‌కు రెండు మోల్‌ల హైడ్రోజన్ కావాలి, అంటే 4 మోల్‌లే ఖర్చవుతాయి. కాబట్టి ముందు అయిపోయేది, అంటే లిమిటింగ్ రీఏజెంట్, ఆక్సిజన్. 4 మోల్‌ల నీరు, 72 గ్రాములు. మిగిలిన హైడ్రోజన్ 2 గ్రాములు. ఇప్పుడు కూడండి: 72, 2 కలిస్తే 74. మొదట ఉన్నదీ 10, 64 కలిపి 74. ఈ సరిచూపుకు పట్టేది పది సెకన్లు, పరీక్ష హాలులో దాన్ని చేయడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

జీవశాస్త్రం డౌట్లు తరచుగా పదాల వెనక దాక్కుంటాయి. క్షయకరణ విభజన (మియోసిస్) దశల పేర్లు గడగడా చెప్పినవారిని కూడా ఈ ప్రశ్న అడిగి చూడండి: మానవ కణంలో డీఎన్‌ఏ ప్రతికృతి జరిగాక క్రోమోజోములు ఎన్ని, క్రొమాటిడ్‌లు ఎన్ని? క్రోమోజోములు 46, క్రొమాటిడ్‌లు 92. మొదటి విభజన తర్వాత ఒక్కో కణంలో 23 క్రోమోజోములు, 46 క్రొమాటిడ్‌లు. రెండోది అయ్యాక 23, 23. మాటలతో వివరించకండి, పటం గీయించండి. పుస్తకం చూడకుండా గీసిన పటంలో తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

భాషలకూ చరిత్రకూ కాగితాలు మార్చుకోవడం మంచి పద్ధతి. మిత్రుల వ్యాసం చదివి “బాగుంది” అనకండి. వ్యాసం చెప్పదలచుకున్న విషయం మీకు ఏమని అర్థమైందో ఒక్క వాక్యంలో రాసివ్వండి. రాసినవారు అనుకున్నదీ మీరు రాసినదీ వేరైతే ఏం సవరించాలో వారికే తెలిసిపోతుంది.

ఏడో మెట్టు: మర్నాటి ఖాళీ కాగితం

డౌటు తీరిన రోజునే మళ్లీ చేస్తే వచ్చేది అప్పుడే విన్న మాటల ప్రతిధ్వని. ఒక రాత్రి నిద్ర గడిచాక, పాత కాగితం చూడకుండా, ఆ లెక్క మళ్లీ చేయండి. వస్తే వారం తర్వాత మరోసారి. రాకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఎక్కడ ఆగారో చెప్పి మళ్లీ అడగండి. రెండోసారి అడగనిచ్చే బృందమే మంచి బృందం.

తప్పుల కోసం ఒక పుస్తకం పెట్టుకోండి. అందులో సరైన జవాబు ఎత్తి రాయడం వల్ల ఉపయోగం తక్కువ. “అభిలంబ బలం ఎప్పుడూ ఎం జి కాస్ తీటా అనుకున్నాను, తలానికేసి నొక్కే లేదా పైకి లాగే బలం ఉంటే మారుతుంది” అన్న తీరులో, ఏమని భ్రమపడ్డారో, నిజం ఏమిటో రాయండి.

సాధన చేసేటప్పుడు ఒకే రకం లెక్కలు వరసగా చేయకుండా కలిపి చేయండి. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కునే లెక్కలు చేశారు. ఒకే రకం వరసగా చేసినవారు సాధన సమయంలో 89 శాతం సరిగా చేశారు, కలిపి చేసినవారు 60 శాతం. వారం తర్వాత పరీక్షలో తారుమారైంది: వరసగా చేసినవారికి 20 శాతం, కలిపి చేసినవారికి 63 శాతం. పరీక్షలో ఏ ప్రశ్నకు ఏ పద్ధతి అన్నది ఎవరూ చెప్పరు, ఆ ఎంపికనే సాధన చేయాలి. బృందంలో ఒక్కొక్కరు వేర్వేరు అధ్యాయాల నుంచి రెండేసి ప్రశ్నలు తెచ్చి కలిపేస్తే ఈ పని తేలిగ్గా జరుగుతుంది.

చదువు సలహాలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు

మంచి మార్కులు వచ్చినవారిని “రోజుకు ఎన్ని గంటలు చదువుతావు?” అని అడగడం దాదాపు వ్యర్థం. గంటలు మీకు అతకవు. “అర్థం కాని అధ్యాయం వచ్చినప్పుడు ఏం చేశావు?”, “పోయిన నెల చదివింది మరిచిపోకుండా ఏం చేస్తున్నావు?” అని అడగండి. నోట్సు పంచుకోవడం మంచిదే, కానీ ఇంకొకరి నోట్సు వాళ్ల ఆలోచన సారాంశం, మీది కాదు. దానితో మీ కాగితాన్ని పోల్చి చూసుకోండి. రంగురంగుల గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం అందరికీ ఇష్టమైన పద్ధతులే, అయితే జాన్ డన్‌లాస్కీ బృందం 2013లో పది అభ్యసన పద్ధతులను సమీక్షించి ఆ రెండింటికీ తక్కువ ఉపయోగమున్న వాటిలోనే చోటిచ్చింది. ఎక్కువ ఉపయోగమని తేల్చినవి రెండు: తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మధ్య విడదీసుకోవడం.

మార్కులు వేసే ఇంటిపని విషయంలో ఒక గీత గీసుకోండి. పద్ధతి చర్చించవచ్చు, రాయడం ఎవరికి వారే. ఎత్తి రాసుకోవడానికి కాగితం ఇవ్వమంటే “కూర్చుందాం, కలిసి చూద్దాం” అని చెప్పడమే స్నేహం. మిత్రుల ఇబ్బంది చదువును దాటిపోయి, నిద్ర, తిండి మానేసి నిరాశగా మాట్లాడుతున్నారంటే అది మీ బృందం తీర్చే డౌటు కాదు. వాళ్ల పక్కన ఉంటూనే, నమ్మకమైన పెద్దవారికి ఆ రోజే చెప్పండి.

పరీక్షలు దగ్గరపడితే

చివరి వారంలో కొత్త అధ్యాయాలు ఒకరికొకరు చెప్పుకోకండి. తప్పుల పుస్తకాలు మార్చుకొని ఒకరి తప్పుల మీద మరొకరు ప్రశ్నలు అడగండి. ముందు రోజు సాయంత్రం తర్వాత “నువ్వు ఇది చదివావా?” అనే సందేశాలు ఆపేయాలని బృందమంతా ముందే ఒప్పుకోండి. ఆ ప్రశ్న అడిగేవారికి ఊరట ఇవ్వదు, వినేవారి నిద్ర మాత్రం పోతుంది. పరీక్ష అయ్యాక, తర్వాతి పరీక్ష ఇంకా ఉంటే జవాబులు పోల్చుకోవడం వాయిదా వేయండి. అన్ని పరీక్షలూ ముగిశాక ప్రశ్నపత్రాలు ముందేసుకొని, ఎవరు ఎక్కడ ఆగారో తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

రెండు వారాలు వరసగా మీలో ఎవరి మర్నాటి కాగితమూ నిండకపోతే కలిసి కూర్చోవడం కొన్నాళ్లు ఆపి, ఒంటరిగా చదివే సమయాన్ని పెంచండి. ఆ తర్వాత ఒకే అధ్యాయంతో, రాసిపెట్టుకున్న డౌట్లతో మళ్లీ మొదలుపెట్టండి.